పుచ్చు లేని పన్ను ఎందుకు ఊడింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు పంటి గురించి అడిగినవే. చదువుతూ పోతే ఒక్కొక్కటీ చివరికి చిగురు దగ్గరికే వచ్చి ఆగింది. అందుకని ఈ నెల పేజీ మొత్తం చిగుళ్లకే కేటాయిస్తున్నాను. మా చిత్తూరు పల్లెల్లో ఇగుళ్లు అంటారు చూడండి, వాటికే.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఆరు నెలలుగా బ్రష్ చేసేటప్పుడు కుడివైపు కింది పండ్ల దగ్గర రక్తం వస్తోంది. నొప్పి లేదు. బ్రష్ గీరుకుంటోందేమో అని నెల నుంచి ఆ వైపు తోమడం మానేసి, వేలితో పేస్ట్ రాసి కడిగేసుకుంటున్నాను. వేడి చేసిందని, మజ్జిగ ఎక్కువగా తాగమని మా అత్తగారు అంటున్నారు. తాగుతున్నాను, తగ్గలేదు.
– ఒక గృహిణి, పీలేరు

జవాబు: మజ్జిగ తాగండమ్మా, ఒంటికి మంచిదే. కానీ ఈ రక్తం వేడి వల్ల వస్తున్నది కాదు. రక్తం వచ్చే చోట తోమడం మానేశారే, ముందు దాన్ని సరిచేసుకోవాలి. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గరి మా క్లినిక్‌లో నేను రోజూ చూసే పొరపాటు ఇది. చేసేవాళ్లంతా జాగ్రత్తపరులే. చెయ్యి తెగితే ఆ చోటును కదిలించం కదా, అదే అలవాటుతో చిగురునూ తాకకుండా వదిలేస్తారు. అక్కడ పాచి పేరుకుంది కాబట్టి రక్తం వస్తోంది. తోమడం మానితే పాచి ఇంకా పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది.

రేపు పొద్దున బ్రష్ పట్టకముందు అద్దం ముందు నిలబడి, ఆ వైపు పన్నూ చిగురూ కలిసే అంచున గోటితో మెల్లగా గీయండి. గోటి మీదికి మీగడలా తెల్లగా, కాస్త పసుపు కలిసినట్టు ఏదో వస్తుంది. వాసన చూడండి. రాత్రి తిన్న అన్నం మిగిలిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు, అందులో ఎక్కువ భాగం బ్యాక్టీరియానే. జిగటగా అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎన్ని సార్లు పుక్కిలించినా పోదు, గీకితేనే పోతుంది. దాంతో పోరాడటానికి ఒళ్లు ఆ చోటికి రక్తం ఎక్కువగా పంపుతుంది. అందుకే చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్ తగలగానే కారుతుంది.

ఇది తేల్చిన ప్రయోగం ఒకటుంది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో అనే దంత పరిశోధకుడి బృందం చేసింది, 1965లో ప్రచురించారు. చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోమడం పూర్తిగా మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల లోపల ఒక్కరు కూడా మిగలకుండా అందరి చిగుళ్లూ వాచాయి. తిరిగి తోమడం మొదలుపెట్టించాక వారం అటూ ఇటూగా మామూలయ్యాయి. ఈ సంగతి నేను ప్రతి పేషెంటుకూ చెబుతాను. వాపు చిగురు వరకే ఉన్నంతకాలం దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పుకోవచ్చు, అదీ మన చేతి పనితోనే.

మీరు చేయాల్సింది ఇది. పోగులు మెత్తగా ఉండే బ్రష్ కొనండి. పోగులు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద పడేటట్టు ఏటవాలుగా ఆనించి, అక్కడికక్కడే చిన్నగా ఆడించండి. అంట్లు తోమినట్టు అడ్డంగా రుద్దొద్దు. పొద్దున రెండు నిమిషాలు, రాత్రి పడుకోబోయే ముందు రెండు నిమిషాలు. మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తుంది, వచ్చినా ఆపొద్దు. రెండు వారాలకు కూడా తగ్గకపోతే ఆ పాచి గట్టిపడి గార అయిందన్నమాట. గార బ్రష్‌కు లొంగదు. డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే.

ఒక్క హెచ్చరిక. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఒంటి మీద దెబ్బ తగలకుండానే నీలి మచ్చలు కనిపించినా నా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీలోనూ, కొన్ని రక్తసంబంధ జబ్బుల్లోనూ అలా వస్తుంది.

ప్రశ్న: మా నాయనకు 57 ఏళ్లు. షుగర్ వచ్చి పదేళ్లయింది. రోజుకు ఒక కట్ట బీడీలు తాగుతాడు. ఒక్క పన్నూ పుచ్చలేదు, పంటి నొప్పి అని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు కింద ముందు పండ్లు నాలుగూ కదులుతున్నాయి. పోయిన నెల పైపన్ను ఒకటి సంగటి తింటుంటే దానంతటదే ఊడి వచ్చింది. క్లీనింగ్ చేయిస్తే మిగిలినవీ వదులైపోతాయని మా వీధిలో అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక యువకుడు, చిత్తూరు

జవాబు: మీ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టేశాను బాబూ. మా నాయన సంగతి అచ్చం ఇదే.

మాది దామలచెరువు దగ్గర పల్లె. మామిడి తోట ఉండేది. తోతాపురి కాయను చెట్టు కిందే కొరికి, ఉప్పూ కారం అద్దుకుని తినడం నాయనకు ఇష్టం. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక సాయంత్రం తోట నుంచి వచ్చి, చొక్కా జేబులోంచి బీడీకట్ట కాగితం పొట్లం తీసి మా అమ్మ చేతిలో పెట్టాడు. విప్పితే పన్ను. నేను దాన్ని కడిగి దీపం దగ్గర చూశాను. పైభాగం తెల్లగా ఉంది, ఎక్కడా చిన్న నల్ల చుక్క కూడా లేదు. కింద వేరు చుట్టూ మాత్రం తుప్పు పట్టిన మేకులాగా నల్లగా, గరుగ్గా పెచ్చు కట్టి ఉంది. "ఇంత మంచి పన్ను ఎందుకు ఊడింది నాయనా?" అని అడిగితే "వయసు" అన్నాడు. అప్పటికి ఆయనకు 51.

తర్వాత ఒకదాని వెంట ఒకటి పోయాయి. పట్నంలో పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే కదిలేదాన్ని పీకి పంపేవాడు. చిగురు ఎలా ఉందని చూసినవాడు లేడు. నేను డెంటల్ కాలేజీలో చేరి, చిగురు లోతు కొలిచే ప్రోబ్ పట్టుకోవడం నేర్చుకున్న ఏడాది సంక్రాంతికి ఇంటికి వచ్చాను. నాయనను అరుగు మీద కూర్చోబెట్టి, తమ్ముడి చేత టార్చిలైటు పట్టించి, మిగిలిన పళ్లు కొలిచాను. పన్నుకీ చిగురుకీ మధ్య సందు ఆరోగ్యంగా ఉంటే 1 నుంచి 3 మిల్లీమీటర్లు. నాయనకు 7, 8 వచ్చాయి. పక్కన రాసుకుంటున్న మా చెల్లెలికి ఆ అంకె చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అంత లోతులో కొలిచినా రక్తం మాత్రం రాలేదు. అది బీడీ పని. పొగాకు చిగురులోని సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. పీలేరు అమ్మకు కనిపించినట్టు ఎర్రటి గుర్తు బీడీ తాగేవాళ్లకు సరిగా కనిపించదు. లోపల ఎముక కరిగిపోతున్నా పైకి చిగురు గట్టిగా, పాలిపోయినట్టు ఉంటుంది. మీ నాయన ఎప్పుడూ నొప్పి అనలేదన్నారు కదా, ఈ జబ్బు నొప్పి పుట్టించేది చాలా ఆలస్యంగానే. మన పెద్దలు పయోరియా అనేది దీన్నే.

పుచ్చు లేకుండా పన్ను ఎలా ఊడుతుందో చెబుతాను. పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందులో వేల సన్నటి నారలు ఉంటాయి. నులకమంచం పట్టెలకు నులక బిగించినట్టు అవి పంటిని అన్ని వైపులా పట్టుకుని ఉంటాయి. వాటి మీద మూతలా చుట్టూ చిగురు. పాచి వల్ల చిగురు వాచి వదులైతే, ఆ సందులోంచి పాచి లోపలికి దిగుతుంది, అక్కడే గారగా గట్టిపడుతుంది. నారలు తెగుతాయి, ఎముక అంచు కొద్ది కొద్దిగా కరుగుతుంది. పట్టెలు కరిగిపోతే మంచం నిలవదు. పన్ను ఎంత మంచిదైనా అంతే. మా నాయన పంటి వేరు మీది నల్ల పెచ్చు ఆ గారే.

షుగర్ ఇందులో రెండు వైపులా పనిచేస్తుంది. అదుపులో లేని షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్లలో చీము, వాపు ఉంటే షుగర్ దిగిరాదు. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. మందులు మానేంత తగ్గుదల కాదు. కానీ ఒక మాత్ర అదనంగా వేసుకున్నంత మేలు అనుకోండి. షుగర్ డాక్టర్లు కాళ్లు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు. నోరు తెరిచి చూడమని మీరే అడగాలి.

ఇక క్లీనింగ్ చేస్తే పళ్లు వదులవుతాయన్న మాట. వీధిలో వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చూసిందే చెబుతున్నారు. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్ల మధ్య సిమెంటులా పట్టి వాటిని కదలనివ్వదు. అది తీసేయగానే పన్ను అసలు ఎంత వదులుగా ఉందో బయటపడుతుంది, వాపు తగ్గి సందులు కనిపిస్తాయి, నాలుగు రోజులు చల్లనీళ్లు జివ్వుమంటాయి. వదులు చేసింది గార, క్లీనింగ్ కాదు. గార ఉంచుకుంటే కొన్నేళ్లకు ఆ పళ్లు గారతో సహా ఊడతాయి.

మీ నాయనను చిగుళ్ల స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ముందు చిగురు లోతు కొలిచి, ఎక్స్‌రేలో ఎముక ఎంత మిగిలిందో చూస్తారు. తర్వాత మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు కింద వేరు మీది గారను శుభ్రం చేస్తారు, రెండు మూడు విడతలు పట్టొచ్చు. నెలన్నర, రెండు నెలలకు మళ్లీ కొలుస్తారు. అప్పటికీ లోతు తగ్గని చోట చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ ఆపరేషన్ చేస్తారు. కదిలే ముందు పళ్లను సన్నటి తీగతో ఒకదానికొకటి కలిపి కడతారు. పోయిన ఎముక చాలా వరకు తిరిగి రాదు, ఆ నాలుగింటిలో ఒకటి రెండు తీసేయాల్సి రావచ్చు కూడా. దీన్ని మీకు దాచను. మిగిలినవాటిని మాత్రం చాలా ఏళ్లు నిలబెట్టుకోవచ్చు. ఆ తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోవాలి. బీడీ మానకపోతే ఇంత చేసినా సగం ఫలితమే ఉంటుంది. ఆ మాట మీరు చెబితే వినకపోవచ్చు, డాక్టర్ చేత చెప్పించండి. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

మా నాయన చివరి పదేళ్లు మామిడిని ముక్కలు కోయించుకుని తిన్నాడు. కట్టుడు పళ్లతో కాయను కొరకడం ఆయన వల్ల కాలేదు. నేను చిగుళ్ల వైద్యంలోనే పీజీ చేయడానికి కారణం ఆయనే.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని, 64 ఏళ్లు. రెండేళ్ల నుంచి బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నాను. చిగుళ్లు పెరిగి ముందు పళ్లను సగం కప్పేశాయి. గట్టిగా ఉన్నాయి, నొప్పి లేదు. క్యాన్సరేమో అని భయంగా ఉంది.
– శ్రీకాళహస్తి

జవాబు: మాస్టారూ, మీరు రాసిన దాన్ని బట్టి ఇది మాత్ర ప్రభావంలా ఉంది, క్యాన్సర్ లక్షణం కాదు. అయినా ఒకసారి నోరు చూపించుకుని నిర్ధారించుకోండి. అమ్లోడిపిన్, నిఫెడిపిన్ వాడేవాళ్లలో కొందరికి చిగురు ఇలా పెరుగుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా ఇదే పని చేస్తాయి. మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ పెరిగితే చిగురు కన్నా పెద్ద ప్రమాదం. మందు రాసిన డాక్టర్‌కు చిగుళ్లు చూపించి, మారుస్తారేమో అడగండి. ఈలోగా క్లీనింగ్ చేయించండి. ఒకే మాత్ర వాడుతున్నా పాచి తక్కువగా ఉన్నవాళ్లలో ఈ పెరుగుదల తక్కువ. మందు మార్చి, శుభ్రం చేశాక కూడా మిగిలిన భాగాన్ని చిన్న ఆపరేషన్‌తో కత్తిరించి సరిచేస్తారు.

ప్రశ్న: మామిడికాయల కాలంలో ఒకే పళ్ల సందులో పీచు ఇరుక్కుంటుంది. మాంసం తిన్నా అంతే. పిన్నీసుతో తీస్తాను. ఇప్పుడు ఆ చోట చిగురు కుంగింది.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: పిన్నీసు ఈ రోజే చెత్తబుట్టలో వేసేయండి. జూన్ వచ్చిందంటే మా క్లినిక్‌కు ఇలాంటివాళ్లు వారానికి నలుగురైనా వస్తారు, ఒకామె హెయిర్‌పిన్నుతో చిగురు చీల్చుకుని వచ్చింది. నోటి నిండా పళ్లుండగా ఎప్పుడూ ఒకే సందులో ఇరుక్కుంటోందంటే అక్కడేదో లోపం ఉంది. రెండు పళ్లు తాకే చోట పుచ్చు మొదలై ఉండొచ్చు, పాత సిమెంటు అంచు విరిగి ఉండొచ్చు. ఎక్స్‌రే తీయిస్తే తెలుస్తుంది. దాన్ని సరిచేస్తే పీచు ఇరుక్కోవడం ఆగుతుంది. అప్పటిదాకా సందు ఇరుకైతే ఫ్లాస్ దారం, వెడల్పైతే సీసాలు కడిగే బ్రష్‌ను చిన్నది చేసినట్టుండే సందుల బ్రష్ వాడండి. మందుల షాపుల్లో దొరుకుతాయి.

ప్రశ్న: నాకు ఐదో నెల. ముందు పళ్ల మధ్య చిగురు ఎర్రగా గడ్డలా ఉబ్బింది, తాకితే రక్తం. కాన్పయ్యే దాకా నోట్లో ఏ పనీ చేయించుకోకూడదని మా అవ్వ అంటోంది.
– రేణిగుంట

జవాబు: మీ అవ్వ బిడ్డ మీద ప్రేమతో అంటున్నారు, ఆ ఒక్క మాట మాత్రం వినకండి. గర్భంలో పెరిగే హార్మోన్ల వల్ల కొంచెం పాచికే చిగురు చాలా ఎక్కువగా వాస్తుంది. కొందరికి ఇలా గడ్డలా వస్తుంది, చాలామందికి కాన్పయ్యాక తగ్గిపోతుంది. క్లీనింగ్‌కు నాలుగు నుంచి ఆరో నెల దాకా అనువైన సమయం, మీరు సరిగ్గా అందులోనే ఉన్నారు. ఐదో నెల అని ముందే చెప్పండి, నొప్పి మాత్రలు షాపులో అడిగి వేసుకోవద్దు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి చేయండి.

ప్రశ్న: వేపపుల్ల మంచిదా, బ్రష్ మంచిదా? మా తాత ఉప్పు, బొగ్గుపొడితో తోముతాడు.
– పుంగనూరు

జవాబు: వేపపుల్ల కొసను బాగా నమిలి మెత్తని కుచ్చు చేసుకుని, చిగురు అంచున నెమ్మదిగా వాడితే తప్పు లేదు. లోపలి వైపుకూ దవడ పళ్లకూ అందదు కాబట్టి రాత్రి బ్రష్ చేయండి. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి మానాలి. అవి పంటి పైపొరను అరగదీస్తాయి, చిగురును కిందికి దిగజారుస్తాయి. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించడం వేరే సంగతి, అది వాపుకు ఉపశమనం ఇస్తుంది. పొగాకు కలిపిన పళ్లపొడి ఇంట్లో ఎవరైనా వాడుతుంటే దాన్ని మాత్రం తీసి పారేయండి.

ప్రశ్న: నా చిగుళ్లు నల్లగా ఉన్నాయి. మూడు నెలల్లో పెళ్లి. నవ్వాలంటే సిగ్గు. లేజర్‌తో ఎర్రగా చేస్తామంటున్నారు, చేయించుకోనా?
– పలమనేరు

జవాబు: అమ్మాయ్, చిగురు నల్లగా ఉండటం జబ్బు కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ చిగురులోనూ ఉంటుంది, మనలో చాలామందికి గోధుమ, నలుపు చారలుంటాయి. మీ అమ్మకో నాన్నకో ఉన్నాయేమో చూడు. రంగు ఏదైనా, పన్ను అంచును గట్టిగా పట్టుకుని, తోమితే రక్తం రాకుండా ఉంటే ఆ చిగురు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఉన్నట్టుండి ఒక చోట కొత్తగా నల్ల మచ్చ వచ్చి పెరుగుతుంటే మాత్రం చూపించు. లేజర్‌తో పైపొర తీయొచ్చు, ప్రమాదమేమీ కాదు, కానీ కొంతకాలానికి రంగు మళ్లీ రావచ్చు. నాకైతే అంత ఖర్చు అవసరమనిపించదు, నిర్ణయం నీదే. క్లీనింగ్ మాత్రం చేయించుకో. పెళ్లి ముందు రోజు వద్దు, చిగురు సర్దుకోవాలి కదా, రెండు మూడు వారాల ముందే చేయించుకో. అప్పుడు డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే చెప్పిన రోజులే వాడు. రెండు వారాలు దాటితే పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి, కాఫీ తాగే అలవాటుంటే ఇంకా ఎక్కువగా పడతాయి.